తిమ్మిరి ఉందని రాశారు, ఎక్కడో రాశారా?

ప్రశ్న: పదకొండేళ్ళు వార్డుల్లో, ఐసీయూలో పనిచేసి, తర్వాత పీజీ చేసి అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ నర్సునయ్యాను. ఎనిమిది నెలలుగా సొంతంగా పేషెంట్లను చూస్తున్నాను, పరీక్షలూ మందులూ రాస్తున్నాను. రెండు నెలల క్రితం 38 ఏళ్ళ ఆవిడ నడుము నొప్పితో వచ్చింది. బరువు ఎత్తాక మొదలైందని, రెండు కాళ్ళలోకీ లాగుతోందని చెప్పింది. నొప్పి మాత్రలిచ్చి పంపాను. మూడో రోజు రాత్రి, పొద్దుటి నుంచి మూత్రం రాలేదంటూ మళ్ళీ వచ్చింది. డ్యూటీలో ఉన్న మరొకరు ఎంఆర్ఐ చేయించారు. కాడా ఈక్వైనా సిండ్రోమ్ అని తేలింది, ఆ రాత్రే ఆపరేషన్ అయింది. ఇప్పుడు నడుస్తోంది గానీ మూత్రం మీద పట్టు ఇంకా పూర్తిగా రాలేదు. నా కేస్ షీట్ తీసి చూస్తే నా చేత్తో రాసిందే కనిపించింది: "తిమ్మిరి ఉంది." అప్పటి నుంచి నడుము నొప్పి అన్న ప్రతివాళ్ళకీ స్కాన్ రాసేస్తున్నాను. "సిస్టర్‌కి భయం పట్టుకుంది" అని డాక్టర్లు నవ్వుకుంటున్నారు. అరుదైన జబ్బులు వేలల్లో ఉంటాయి, ఎన్నని గుర్తుపెట్టుకోను? తిరిగి వార్డుకే వెళ్ళిపోదామనిపిస్తోంది. ఆమెను ఒకసారి కలవాలని ఉంది, ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియడం లేదు.

సమాధానం: మీ ఉత్తరం చదువుతూ "తిమ్మిరి ఉంది" దగ్గర ఆగిపోయాను. వార్డు సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ రెండు మాటలు చూద్దాం.

ఎక్కడ తిమ్మిరి? పాదం పైనో, పిక్క పక్కనో అయితే ఒక నరం నొక్కుకుపోయిందని లెక్క. చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. అదే తిమ్మిరి కూర్చున్నప్పుడు కుర్చీకి ఆనే చోట, తొడల లోపలి వైపు, మలమూత్ర ద్వారాల చుట్టూ ఉంటే కథ వేరు. వెన్నుపాము ముగిసిన చోటు నుంచి నరాలన్నీ గుర్రం తోక వెంట్రుకల్లా కిందికి జారతాయి. లాటిన్‌లో కాడా ఈక్వైనా అంటే గుర్రం తోకే. జారిన డిస్కు ఆ తోక మొత్తాన్ని నొక్కితే రెండు కాళ్ళలోకీ నొప్పి లాగుతుంది, కింద మొద్దుబారుతుంది, మూత్రం నిండిన సంగతి తెలియడం తగ్గుతుంది, చివరికి ఆగిపోతుంది. పూర్తిగా ఆగిపోయాక వచ్చినవాళ్ళ కంటే, ధార సన్నబడిందనో ముక్కితే గానీ రావడం లేదనో చెప్పే దశలో దొరికినవాళ్ళు బాగా కోలుకుంటారు. మీ దగ్గరికి మొదటిసారి వచ్చినప్పుడు ఆమె బహుశా ఆ దశలోనో, దాని గుమ్మంలోనో ఉంది.

ఇవన్నీ పేషెంటు తనంతట తాను చెప్పదు. నడుము నొప్పికీ దానికీ సంబంధం ఉందని ఆమెకెలా తెలుస్తుంది? పైగా సిగ్గు. అందుకని అడగాల్సింది మనమే, అదీ ఆమెకు అర్థమయ్యే మాటల్లో. నేనైతే ఇలా అడుగుతాను: "బాత్రూంకి వెళ్ళాక శుభ్రం చేసుకునేటప్పుడు చెయ్యి తగిలిన స్పర్శ ఎప్పటిలాగే తెలుస్తోందా?" ఒకాయన ఈ ప్రశ్న విని కాసేపు ఆలోచించి, "మీరడిగితే గుర్తొస్తోంది, వేరేవాళ్ళ ఒంటిని తాకినట్టు ఉంటోంది" అన్నాడు. స్కాన్ రాయడానికి అంతకంటే ఏం కావాలి? మూత్రం పోసుకుని రమ్మని, మూత్రాశయంలో ఎంత మిగిలిందో చూపే బ్లాడర్ స్కాన్ పెట్టినప్పుడు ఇంకా 200 మి.లీ. పైన మిగిలి ఉంటే అనుమానం బాగా బలపడుతుంది. అంతకంటే తక్కువ ఉందని మాత్రం నిశ్చింతగా కూర్చోకండి, మిగతా లక్షణాలు అలాగే ఉంటే ఎంఆర్ఐ కావాల్సిందే.

ఆ జబ్బు పేరు మీకు తెలియక కాదు, పీజీ పరీక్షల్లో రాసే ఉంటారు. ఒక్క ప్రశ్న అడగలేదు, అంతే. మిమ్మల్ని ఓదార్చడానికి ఈ మాట అనడం లేదు. పేరు తెలిసీ తప్పిపోవడం ఎక్కువ బాధపెడుతుందని నాకు తెలుసు. కానీ అది సరిదిద్దుకోగలిగిన తప్పు.

ఇక ఎన్నని గుర్తుపెట్టుకోను అన్నారు. గుర్తుపెట్టుకోలేరు, ఎవరివల్లా కాదు. అరుదైన జబ్బుల్లో చాలా వాటికి ఈ రోజు కాకపోతే వచ్చే నెల పేరు పెట్టినా కొంపలు మునగవు. కొంపలు ముంచేవి కొన్నే, వాటికి గడువు ఉంటుంది. నా దగ్గరికి శిక్షణకు వచ్చేవాళ్ళకు నేను చెప్పేదొకటే, పేరు వెతకడం తర్వాత, ముందు గడువు వెతకండి. "ఈ మనిషికి నేననుకున్న జబ్బు కాకపోతే ఇంకేం కావచ్చు? వాటిలో రేపటిదాకా ఆగనిది ఏది? దాన్ని పక్కన పెట్టడానికి ఈ గదిలో ఇప్పుడు నేనేం అడగాలి, ఏం చూడాలి?" మీ దగ్గరికొచ్చిన ఆ పేషెంటు విషయంలో దీనికి జవాబు అర నిమిషం పని.

పద్నాలుగేళ్ళ కుర్రాడు పొత్తికడుపు నొప్పి అంటూ తల్లితో వస్తాడు. ఒక వాంతి కూడా అయింది. గ్యాస్ అనో, ఏదో పడలేదనో రాసెయ్యడం చాలా తేలిక. వృషణం మెలిపడి ఉంటే ఆరు గంటల్లోపు విప్పితే చాలావరకు దక్కుతుంది, ఆ పైన గంటగంటకూ ఆశ సన్నగిల్లుతుంది. తల్లి ముందు వాడు చచ్చినా నోరు విప్పడు. ఆమెను కాసేపు బయట కూర్చోమని, మరో స్టాఫ్‌ని పక్కన ఉంచుకుని, వాడికి చెప్పి, ఒప్పించి చూడాలి. కింద చూడకుండా మగపిల్లాడి కడుపు పరీక్ష పూర్తయినట్టు రాయకండి. అలాగే గర్భం రాగల వయసులో ఉన్న ఏ స్త్రీకి కడుపునొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా, "ఛాన్సే లేదు" అని ఆమె ఎంత గట్టిగా చెప్పినా, ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయాల్సిందే.

చర్మం మీద ఎర్రదనం తక్కువగా, నొప్పి మాత్రం మనిషిని మెలికలు తిప్పేంతగా ఉందనుకోండి. చూసేదానికీ చెప్పేదానికీ పొంతన లేదంటే, లోపల కండరాల పైపొరను ఇన్ఫెక్షన్ తినేస్తోందేమో అని అనుమానించాలి. పెన్ను తీసి ఎర్రదనం అంచు వెంబడి గీత గీసి, పక్కనే టైము రాయండి. అరగంటకో గంటకో వచ్చి చూసినప్పుడు ఎరుపు గీత దాటి ఉంటే, ల్యాబ్ రిపోర్టు కోసం కూర్చోకుండా సర్జన్‌కి ఫోన్ చేయాలి. గీత దాటకపోయినా నొప్పి పెరుగుతుంటే అప్పుడూ చేయాలి.

నా సంగతి ఒకటి చెబుతాను, మీలాగే నేనూ కొత్తగా సొంతంగా చూడటం మొదలుపెట్టిన రోజులు. అరవై దాటిన ఒక పెద్దావిడ భయంకరమైన తలనొప్పితో, వాంతులతో వచ్చింది. కళ్ళు మూసుకుని, వెలుతురు చూడలేనంది. మైగ్రేన్ అనుకున్నాను. వాంతులకు ఇంజెక్షన్ ఇచ్చి, లైట్లు ఆర్పి, తెరలు వేసి, చీకట్లో పడుకోబెట్టి, ఎంత బాగా చూసుకున్నానో అనుకున్నాను కూడా. గంటన్నర తర్వాత పక్క దుప్పటి మార్చడానికి వచ్చిన ఆయా, "సిస్టర్, ఈమెకు ఒక కన్నే ఎర్రగా ఉందేంటి?" అంది. టార్చి వేసి చూస్తే ఆ కంటిపాప సగం విచ్చుకుని ఉంది, వెలుతురు పడినా కదల్లేదు. నల్లగుడ్డు మీద అద్దానికి ఆవిరి పట్టినట్టు మసక. మూసిన రెప్ప మీద వేలు ఆనిస్తే గోళీలా గట్టిగా తగిలింది. అక్యూట్ గ్లాకోమా, కంట్లో నీరు బయటికి పోయే దారి మూసుకుపోయింది. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది, పెద్దదయ్యేకొద్దీ ఆ దారి ఇంకా మూసుకుపోతుంది. మైగ్రేన్‌కు హాయినిచ్చే చీకటే ఆమె కంటికి చెరుపు చేసింది. కంటి డాక్టరు సమయానికి దొరికాడు కాబట్టి చూపు చాలావరకు మిగిలింది. లైట్ల చుట్టూ రంగుల వలయాలు కనిపించాయా అని నేను అడగనేలేదు, ఆయాకు కనిపించినది నాకు కనిపించలేదు. ఎందుకంటే మైగ్రేన్ అన్న పేరు పెట్టేశాక నేను చూడటం మానేశాను.

అరవై దాటాక జీవితంలో మొదటిసారి వచ్చిన తలనొప్పిని అంత తేలిగ్గా మైగ్రేన్ అనకూడదని అప్పటి నుంచి నా నియమం. కంటి సంగతి ఒకటి. ఇంకొకటి తల పక్క రక్తనాళాల వాపు, జెయింట్ సెల్ ఆర్టిరైటిస్ అంటారు. యాభై దాటినవాళ్ళకే వస్తుంది. దువ్వెన తగిలితే మాడు నొప్పెడుతుంది. నాలుగు సార్లు నమిలేసరికి దవడ పీకి, ఆగి మళ్ళీ నమలాల్సి వస్తుంది. ఈ రెండూ అడిగితే గానీ ఎవరూ చెప్పరు. వాపు ఉందో లేదో చెప్పే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్‌పీ పంపండి, కానీ అనుమానం గట్టిగా ఉంటే అదే రోజు స్టెరాయిడ్ మొదలవ్వాలి, బయాప్సీ తర్వాత చేయించినా ఫర్వాలేదు. ఆ జబ్బుతో పోయిన చూపు సాధారణంగా తిరిగి రాదు.

తాడును చూసి పామనుకోవడం అంటాం కదా, మీరిప్పుడు ఆ స్థితిలో ఉన్నారు. పామును తాడనుకోవడం కంటే అది నయమే. కానీ కనిపించిన ప్రతి తాడుకీ కర్ర ఎత్తితే చేతులు పడిపోతాయి. నడుము నొప్పి ఏమీ లేనివాళ్ళకు ఎంఆర్ఐ తీసినా చాలామందిలో డిస్కు ఉబ్బడం కనిపిస్తుంది. అవసరం లేని స్కాన్ చేయిస్తే పేషెంటు ఇంటికి కొత్త టెన్షన్ తీసుకుపోతుంది, నిజంగా ఆ రాత్రే స్కాన్ కావాల్సినవాళ్ళు వరుసలో వెనక్కి పోతారు. అందుకని భయాన్ని స్కాన్ కాగితం మీద కాకుండా ప్రశ్నల మీద ఖర్చుపెట్టండి. రెండు కాళ్ళూనా? కింద తిమ్మిరా? మూత్రం, మలం ఎలా ఉన్నాయి? కాలి బలం తగ్గిందా? జ్వరం, క్యాన్సర్ చరిత్ర? వీటి జవాబులు షీట్‌లో రాసి, ఆ తర్వాత స్కాన్ అక్కర్లేదని నిర్ణయిస్తే ఎవరైనా ఒప్పుకుంటారు. అడక్కుండా రాసిన స్కాన్‌ను చూసే డాక్టర్లు నవ్వుతున్నారు. అందులో కాస్త న్యాయం ఉంది, చెబితే కోపం తెచ్చుకోకండి.

గడువు గుర్తుపట్టాక మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలన్నది రెండో భాగం. మీరు పనిచేసే చోట మీకున్న అధికారం ఎంతో కాగితం మీద చూసుకోండి. కొన్ని దేశాల్లో మనం పూర్తిగా సొంతంగా నిర్ధారణ చేసి మందు రాయొచ్చు, కొన్ని చోట్ల డాక్టరుతో ఒప్పందం ప్రకారమే చేయాలి. ఏది ఎవరినీ అడక్కుండా మొదలుపెట్టొచ్చు, దేనికి ఫోన్ చేయాలి అన్నది అర్ధరాత్రి హడావుడిలో వెతుక్కునే విషయం కాదు. అనఫిలాక్సిస్‌లో, అంటే ప్రాణం మీదికి వచ్చే అలర్జీలో, పెద్దవాళ్ళకు తొడ బయటి వైపు కండరంలో 0.5 మి.గ్రా. అడ్రినలిన్ ఇవ్వడానికి ఎవరి రాక కోసమూ ఎదురుచూడకూడదు. ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ వాడుతూ ఒక్కసారిగా ఆపేసినవాళ్ళు వాంతులతో, బీపీ పడిపోయి వస్తే హైడ్రోకార్టిజోన్ 100 మి.గ్రా. వెంటనే పడాలి, హార్మోన్ రిపోర్టు వచ్చేదాకా ఆగితే మనిషి ఆగడు. ఇలాంటివాటికి మీ విభాగంలో రాతపూర్వకమైన ప్రోటోకాల్ లేకపోతే, మీరు చేయగల అతి మంచి పని అది రాయించడం.

ఫోన్ సంగతికొస్తే, మనవాళ్ళు ఇలా చేస్తారు: "సార్, ఒక బ్యాక్ పెయిన్ కేసుంది, కొంచెం డౌటుగా ఉంది, మీరు ఖాళీ అయ్యాక ఒకసారి..." అవతలివాళ్ళు ఖాళీ అవ్వరు. ఇలా చెప్పి చూడండి: "సార్, ఎమర్జెన్సీ నుంచి మాట్లాడుతున్నాను. 38 ఏళ్ళ పేషెంటు, కాడా ఈక్వైనా అని అనుమానం. మూడు రోజులుగా రెండు కాళ్ళలోకీ నొప్పి, పొద్దుటి నుంచి కింద తిమ్మిరి, మూత్రం పోసుకున్నాక కూడా 350 మి.లీ. మిగిలింది. ఇప్పుడే ఎంఆర్ఐ కావాలి, మీరు చూడాలి. ఎంతసేపట్లో రాగలరు?" అనుమానం పేరు మొదట్లోనే, ఏం కావాలో చివర్లో. అమెరికా నౌకాదళ జలాంతర్గాముల్లో పుట్టి ఆసుపత్రుల్లోకి వచ్చిన ఎస్‌బార్ పద్ధతి (పరిస్థితి, నేపథ్యం, అంచనా, ఏం కావాలి అన్న వరుసలో చెప్పడం) ఇదే. వినయం గొంతులో ఉంటే చాలు, సమాచారంలో అక్కర్లేదు. ఏ టైముకి ఎవరితో మాట్లాడారో, ఏమన్నారో షీట్‌లో రాయండి.

పేరు తోచదు, అంకెలన్నీ బాగానే ఉంటాయి, అయినా మనసు ఒప్పుకోదు. అలాంటప్పుడు నోరు మూసుకోకండి. 1990లో సిడ్నీలోని లివర్‌పూల్ ఆసుపత్రిలో మొదలైన మెడికల్ ఎమర్జెన్సీ టీమ్ పద్ధతిని పాటించే చాలా చోట్ల, టీమును పిలవడానికి ఉన్న కారణాల్లో బీపీ, పల్సుతో పాటు "సిబ్బందికి ఆందోళనగా ఉంది" అన్నది కూడా ఒకటి. పదకొండేళ్ళు మంచం పక్కన నిలబడి సంపాదించుకున్నది అదే. కాకపోతే ఆ ఆందోళనకు కాళ్ళూ చేతులూ వెతకండి. శ్వాస ఒక నిమిషం నిండా మీరే లెక్కపెట్టండి. వార్డు చార్టుల్లో లోకంలోని మనుషులందరూ నిమిషానికి 20 సార్లే ఊపిరి తీస్తారు, మీకు తెలియనిదేం కాదు. నిజంగా లెక్కపెడితే 28 రావచ్చు.

ఇంటికి పంపేటప్పుడు "తగ్గకపోతే రండి" అనడం చెప్పీ చెప్పనట్టే. ఎంత తగ్గకపోతే, ఎన్ని రోజులకు? "కింద మొద్దుబారినా, మూత్రం రావడం కష్టమైనా, కాలు ఈడుస్తున్నా అదే గంటలో ఎమర్జెన్సీకి రండి, తెల్లారేదాకా ఆగొద్దు" అని చెప్పి, మళ్ళీ వాళ్ళ నోటితో చెప్పించుకోండి. అదే బాధతో రెండోసారి, మూడోసారి వచ్చిన మనిషి పాత షీటు మీద జబ్బు పేరు రాసిన చోట చెయ్యి అడ్డం పెట్టి, మొదటిసారి చూస్తున్నట్టు మొదలుపెట్టండి. ఆ పేరు మీరే రాసిందయితే చెయ్యి ఇంకాస్త గట్టిగా పెట్టండి.

వార్డుకు వెళ్ళాలా అన్నారు. అలసట వల్ల, ఇంటి పరిస్థితుల వల్ల వెళ్తే అది వేరే మాట, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఈ ఒక్క కేసు వల్ల అయితే వద్దంటాను. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదటి నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ పెట్టినప్పటి నుంచీ "నర్సులకెందుకు ఇది" అన్నవాళ్ళు ఉన్నారు. మీరు తప్పుకుంటే మీ కుర్చీలోకి వచ్చేవాళ్ళు ఈ ప్రశ్న ఇంకా అడగడం నేర్చుకోనివాళ్ళు కావచ్చు. ఆరు నెలల పాటు వారానికొకసారి, మీకు సందేహం మిగిల్చిన రెండు మూడు కేసుల్ని ఒక సీనియర్‌తో కూర్చుని చూసుకునే ఏర్పాటు అడగండి. ఇంటికి పంపినవాళ్ళు తర్వాత ఏమయ్యారో తెలుసుకునే దారి ఒకటి పెట్టుకోండి, లేకపోతే మన తప్పులు మనకు తెలిసే అవకాశమే ఉండదు. రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడం, డ్యూటీకి వెళ్ళాలంటే గుండె దడ ఉన్నాయేమో మీరు రాయలేదు. ఉంటే దానికీ సాయం తీసుకోండి, మనం కూడా పేషెంట్లమవుతాం.

ఆమెను కలవండి. ముందు మీ పైవాళ్ళకు చెప్పి, ఇన్సిడెంట్ రిపోర్టు ఇంకా రాయకపోతే రాసి, మీ ఆసుపత్రి పద్ధతి ఏదుంటే దాని ప్రకారం, ఒక సీనియర్ వెంట ఉండగా వెళ్ళండి. "ఆ రోజు తిమ్మిరి అన్నారు. ఎక్కడ అని నేను అడగలేదు, అడగాల్సింది. క్షమించండి" అనండి. "అరుదైన జబ్బు కదా" అని దానికి తోక తగిలించకండి. ఆమె కోప్పడితే కోప్పడనివ్వండి, మీరు ఏడ్చి ఆమె చేత ఓదార్పించుకోవద్దు. తర్వాత ఇప్పుడెలా ఉందో అడగండి. క్యాథెటర్ తనంతట తాను పెట్టుకోవడం ఎవరైనా సరిగ్గా నేర్పారా, మూత్రంలో మంట, జ్వరం వస్తే ఏం చేయాలో చెప్పారా, దాంపత్యంలో వచ్చే ఇబ్బందుల గురించి ఎవరైనా మాట ఎత్తారా, నరాలు కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైన పడుతుందని తెలుసా? డిశ్చార్జి హడావుడిలో ఇవి చాలాసార్లు ఎవరూ చెప్పరు, మీరు చెప్పగలరు. కుర్చీ లాక్కుని కూర్చోండి, నిలబడి మాట్లాడకండి.